సీసాదే తప్పు

పోయిన నెలలో నరసరావుపేటలోని ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు నన్ను అతిథిగా పిలిచారు. ముప్పై ఏళ్ళు పల్నాటి సర్కారు బళ్ళలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి అలాంటి పిలుపులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు, పిల్లలకు రెండు మంచి మాటలు చెప్పమంటారు. ఈసారి వాళ్ళు ఎనిమిదో తరగతి నుంచే డిగ్రీ స్థాయి కెమిస్ట్రీ చెప్పే సెక్షన్ ఒకటి కొత్తగా పెట్టారు. నేను హైస్కూల్లో ఉండగానే బి.ఎస్సీ కెమిస్ట్రీ చదివానని ఎవరి ద్వారానో విని, "మీ కథ మా పిల్లలకు ఇన్‌స్పిరేషన్ మేడం" అంటూ డైరెక్టరే స్వయంగా కారు పంపాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. నన్ను క్లాసుకు తీసుకెళ్ళి, "ఏదైనా అడగండి మేడం" అన్నాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన ఎలా ఉంటుందని అడిగాను. "కుళ్ళిన కోడిగుడ్డు వాసన మేడం!" అని గది అదిరిపోయేలా చెప్పారు. "మీలో కుళ్ళిన కోడిగుడ్డు వాసన చూసినవాళ్ళెవరు?" అన్నాను. వెనక వరుసలో, నూజెండ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక పిల్ల మాత్రం చెయ్యి సగం ఎత్తి, పక్కవాళ్ళు నవ్వుతారేమోనని దించేసింది.

ల్యాబు చూపించమన్నాను. తాళంచెవి ఆఫీసులో ఉందన్నారు. ఆఫీసులో వెతికితే దొరకలేదు. కిటికీలోంచి చూస్తే గాజు సామానంతా అట్టపెట్టెల్లో, గడ్డి మధ్య, కొన్ననాడు ఎలా వచ్చిందో అలాగే ఉంది. "సిలబస్ అయ్యాక తెరుస్తాం మేడం. ఇప్పుడు ల్యాబంటే టైమ్ వేస్టు" అన్నాడు డైరెక్టరు. స్టేజీ ఎక్కాక నేను నిజంగానే రెండు మాటలు చెప్పాను. "మీ ల్యాబుకు తాళం ఉంది. తీయమని రోజూ అడగండి, తీయకపోతే పగలగొట్టండి." పిల్లలు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక వాళ్ళ సార్ల ముఖాలు చూశారు. తిరుగు ప్రయాణానికి కారు రాలేదు. బస్టాండు దాకా నడిచి గురజాల బస్సెక్కాను. ఆ పిల్లలకు చెబుదామని వెళ్ళి, చెప్పకుండా వెనక్కి తెచ్చుకున్న సంగతి దారి పొడుగునా నాతోనే కూర్చుంది. అదే ఇప్పుడు రాస్తున్నాను.

మా తాత దూది ఏకేవాడు. ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఆ పని సన్నగిల్లిపోయాక మా నాయన మస్తాన్ మాచర్లలో ఒక లారీ షెడ్డులో బ్యాటరీ పని నేర్చుకుని, గురజాలలో బస్సులు ఆగే చోటుకి దగ్గర్లో కొట్టు పెట్టాడు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. మధ్యలో ఒక గోనెపట్టా తెర. ఆ తెర ఏ వాసననీ ఆపేది కాదు. చార్జింగు పెట్టిన బ్యాటరీలు వరసగా బల్ల మీద సన్నగా బుడబుడమంటూ ఉండేవి. వాటి నుంచి గొంతులో గీరినట్టుండే ఒక పుల్లటి వాసన వచ్చేది. మిరపకాయల కాలంలో చుట్టుపక్కల కల్లాల నుంచి వచ్చే ఘాటు వీధి వైపు నుంచి దూరేది. రెండూ మా వెనక గదిలో కలుసుకునేవి. మా ఇంట్లో ఎవరు తుమ్మినా అది మిరప తుమ్మో ఆసిడ్ తుమ్మో మా అమ్మ పొయ్యి దగ్గర నుంచే చెప్పేది. నాయన చొక్కాలు నెల తిరక్కుండా చిల్లులు పడేవి. ఆసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ కనిపించదు, ఉతికినప్పుడు ఊడొస్తుంది. అమ్మ అతుకు మీద అతుకు వేసేది. "ఒరేయ్ మస్తానూ, నీ చొక్కాలో పిండి జల్లించుకోవచ్చురా" అనేది నాయనమ్మ. ఆమె రోజంతా గడప పక్కన కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని, లోపలికి వచ్చే ప్రతివాళ్ళనీ వాసన చూసి పంపేది. చెవులు సరిగ్గా వినిపించకపోయినా ఆమె ముక్కు మాత్రం ఎవర్నీ వదిలేది కాదు.

నాయన దగ్గర ఒక గాజు మీటరు ఉండేది. పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న బెండు. బ్యాటరీలోని ఆసిడ్ కొంచెం పీలిస్తే బెండు తేలి అంకె చూపిస్తుంది. పన్నెండు వందల యాభై దగ్గర తేలితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, పదకొండు వందలకు మునిగితే దిగిపోయినట్టు. చిన్నప్పటి నుంచీ ఆ అంకెలు చదివి పలక మీద రాసేది నేనే. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు అడిగాను, "నాయనా, ఈ ఆసిడ్ ఒలికిపోలేదు గదా, మరి పల్చన ఎందుకయింది? ఆ ఆసిడ్ యాడికి పోయింది?" ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. "పల్చనయిద్దని తెలుసమ్మా. ఎందుకయిద్దో నాకు తెలవదు" అన్నాడు. తెలియనిదాన్ని తెలియదని అంత నిమ్మళంగా ఒప్పుకున్న మగమనిషిని నేను ఆ తర్వాత పెద్దగా చూడలేదు. బడిలో మా సైన్సు సారునడిగితే, "అది మీ సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు.

ఊరి చివర, మూతపడిన పత్తి మిల్లు గోడౌన్లలో అప్పట్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ నడిచేది. ఇప్పుడా కాలేజీ లేదు, ఆ గోడలూ లేవు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ గుంటూరు నుంచి రావాలి. లారీ రాని రోజుల్లో నాయన ఆ కాలేజీ ల్యాబుకెళ్ళి క్యాను నింపుకొచ్చేవాడు, బదులుగా వాళ్ళ బ్యాటరీలకు చార్జింగు పెట్టి ఇచ్చేవాడు. మా హైస్కూల్లో గదులు చాలక ఆడపిల్లలకు పొద్దుటి పూటే బడి ఉండేది. పదో తరగతి మొదట్లో ఒక మధ్యాహ్నం నాయనకు తీరిక లేక ఆ క్యాను ఇచ్చి నన్ను పంపాడు. ల్యాబులో ఒక్క లెక్చరర్ ఉన్నారు. చంద్రమతి మేడం. ముప్పై ఏళ్ళుంటాయేమో. కళ్ళజోడుకు ఒక కాడ విరిగితే దారం కట్టుకుని పెట్టుకున్నారు. క్యాను కొళాయి కింద పెట్టి, అది నిండేలోపు నాకు తోచిన ధైర్యంతో ఆ ప్రశ్నే ఆమెనడిగాను.

ఆమె నవ్వలేదు. ఏం క్లాసని కూడా అడగలేదు. "మీ నాన్నగారి మీటరు ఎంత చూపిస్తుంది?" అన్నారు. చెప్పాను. చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఒక సమీకరణం రాశారు. ఎడమవైపు సీసం, సీసం డయాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆసిడ్. కుడివైపు లెడ్ సల్ఫేట్, నీళ్ళు. "బ్యాటరీ వాడుతున్నకొద్దీ ఆసిడ్ వెళ్ళి లోపలి సీసపు పలకల్లో కూర్చుంటుంది. మిగిలేవి నీళ్ళు. అందుకే పల్చనవుతుంది. చార్జింగు పెడితే పలకల్లోంచి మళ్ళీ బయటికి వస్తుంది" అన్నారు. నేను వేళ్ళతో రెండు వైపులా లెక్కపెట్టుకున్నాను. సీసం సరిపోయింది, ఆక్సిజన్ సరిపోయింది, హైడ్రోజన్ సరిపోయింది. పుట్టినప్పటి నుంచి మా ముందు గదిలో బుడబుడమంటున్నది ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. క్యాను నిండి నీళ్ళు నా కాళ్ళ మీదికి కారుతున్నాయని మేడం చెప్పేదాకా తెలియలేదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. "క్యానేది?" అన్నారు మేడం. "ఇయ్యాల నీళ్ళకి రాలేదండీ" అన్నాను. బి.ఎస్సీ మొదటి సంవత్సరం వాళ్ళకు అప్పుడే క్లాసు మొదలవుతోంది. ఆమె నా వైపు చూసి, వెనక బల్ల వైపు చూసి, బోర్డు వైపు తిరిగారు. నేను వెళ్ళి ఆ బల్ల మీద కూర్చున్నాను. అలా మొదలైంది.

ఆ నెలలు తేలిగ్గా గడవలేదు. పాఠం ఇంగ్లీషులో ఉండేది, నాది తెలుగు మీడియం. విన్న మాటని విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకుని, సాయంత్రం మేడం ఇచ్చిన పాత పుస్తకంలో ఆ మాట ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. ఒక్క పేజీకి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. మొదట్లో కుర్రాళ్ళు నన్ను "బడిపిల్ల" అనేవాళ్ళు. నా రిబ్బను జడలు చూసి "పలక తెచ్చుకున్నావా" అనేవాళ్ళు. నిజంగానే ఒకరోజు పలక తీసుకెళ్ళి, దాని మీద ఒక సమీకరణం సరిచేసి చూపించాను. ఆ తర్వాత పలక మాట ఎత్తలేదు. ప్రాక్టికల్స్ రోజున హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన బట్టలకు పట్టించుకుని ఇంటికి వస్తే నాయనమ్మ గడప దగ్గరే ఆపేసేది. "ఏమే సైదా, యాడ బొర్లాడొచ్చావే? ఆ చేతుల్తో కారం డబ్బా ముట్టుకోమాక!" అని కుంకుడుకాయలు కొట్టి నెత్తిన రుద్ది, స్నానం చేసేదాకా లోపలికి రానిచ్చేది కాదు. కానీ ఎవరైనా పొరుగింటామె "మీ పిల్ల మగపిల్లల కాలేజీకి పోతందంటగా పెద్దమ్మా" అని సాగదీస్తే, చెవుల్లో దూది సర్దుకుని, "నాకినపడదమ్మా" అనేది. మా ఇంట్లో నాకు దొరికిన మొదటి అండ అదే.

ఆ చదువుతో మా ఇంట్లోకి వచ్చిన మార్పు ఒకటుంది. సీసం విషమని, కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుతుందని మేడం ఒక క్లాసులో చెప్పారు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుందన్నారు. మా నాయనకు ఆ నొప్పి ఎన్నాళ్ళ నుంచో ఉంది. అందరూ వేడి చేసిందనుకునేవాళ్ళం, మజ్జిగ తాగించేవాళ్ళం. ఆయన బ్యాటరీల సీసపు పలకలు గీకిన చేతులు పంచెకు తుడుచుకుని, కొట్లోనే గిన్నె తెరిచి అన్నం తినేవాడు. ఆ రోజు ఇంటికొచ్చి గిన్నె లాగేసుకున్నాను. "సబ్బుతో చేతులు కడుక్కుంటేనే అన్నం. కొట్లో తినేది లేదు" అన్నాను. ఆయన విస్తుపోయాడు. అమ్మ, "దాని మాటేందయ్యా, తిను" అంది. "దానికి తెలిసింది, మనకి తెలవలేదు" అని లేచి చేతులు కడుక్కున్నాడు నాయన. ఆ నొప్పి పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. నాయన డెబ్బై దాటాక పోయాడు, అదీ కడుపు నొప్పితో కాదు.

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయనగా ఆ ప్రమాదం జరిగింది. మేడంను ఎందుకో ఆఫీసుకు పిలిచారు. ల్యాబులో మేమే ఉన్నాం. కారంపూడి నుంచి వచ్చే ప్రసాద్ అనే కుర్రాడు గాఢమైన సల్ఫ్యూరిక్ ఆసిడ్‌ను పల్చన చేయాలి. ఆసిడ్‌ను నీళ్ళలో పోయాలి గానీ నీళ్ళను ఆసిడ్‌లో పోయకూడదు. బ్యాటరీ కొట్లో పుట్టినవాళ్ళకు అది అన్నప్రాసన నాడే తెలుస్తుంది. అతను తొందరలో నీళ్ళు తెచ్చి ఆసిడ్‌లో పోశాడు. సలసలమని కాగి చేతి మీదికి, చొక్కా మీదికి చిమ్మింది. అందరూ అరుస్తూ వెనక్కి పోయారు. నేను అతని మణికట్టు పట్టుకుని కొళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి ధార కింద పెట్టాను. అతను గింజుకున్నా వదల్లేదు. ఎవరో మలాం తెచ్చారు, రాయనివ్వలేదు. "నీళ్ళే, ఇంకాసేపు నీళ్ళే" అంటూ మేడం వచ్చేదాకా పట్టుకునే ఉన్నాను. బొబ్బలెక్కాయి గానీ చెయ్యి దక్కింది.

ప్రిన్సిపాల్ గారు అడిగినప్పుడు ప్రసాద్ భయపడి, "ఆ బడిపిల్ల చెయ్యి తగిలింది సార్" అన్నాడు. మర్నాడు నాయనకు కబురొచ్చింది. కొట్టు మూసి, ఉన్నవాటిలో అతుకులు తక్కువున్న చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. గదిలో ప్రిన్సిపాల్ గారు, పక్కన సీనియర్ కెమిస్ట్రీ లెక్చరర్ వెంకట్రామయ్య గారు కూర్చున్నారు. చంద్రమతి మేడం నిలబడి ఉన్నారు. ఆమె చేతిలో, క్షమాపణ రాసివ్వమని ప్రిన్సిపాల్ ఇచ్చిన మెమో కాగితం ఉంది.

"హాజరు పట్టీలో పేరు లేని పిల్లని ల్యాబులోకి రానివ్వడానికి ఇదేమన్నా సంతా?" అన్నారు ప్రిన్సిపాల్. తర్వాత నాయన వైపు తిరిగారు. "ముందు పదో తరగతి పాసవనియ్యవయ్యా నీ కూతుర్ని. బ్యాటరీలు కడుక్కునేవాళ్ళకి బి.ఎస్సీ ఎందుకు?"

నాయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. అప్పుడూ పెంచలేదు. "కడుక్కునేవాళ్ళకే గదండీ తెలియాల్సింది. ఆసిడ్ పడేది మా చేతుల మీదనే" అన్నాడు.

నేను నీళ్ళు పోయలేదని, పోసింది ఎవరో చూసినవాళ్ళు పదిమంది ఉన్నారని చెప్పాను. "ఎదురు మాట్లాడకు" అన్నారు ప్రిన్సిపాల్. అప్పుడు మేడం, "ఆ అమ్మాయికి ఏమీ రాదని మీరనుకుంటే పరీక్ష పెట్టండి సార్. రాకపోతే పంపించేయండి, మీరడిగిన క్షమాపణ లేఖ నేను రాసిస్తాను. వస్తే కూర్చోనివ్వండి" అన్నారు. వెంకట్రామయ్య గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మొదటి సంవత్సరం వాళ్ళకిచ్చే సాల్ట్ ఒకటి ఇస్తాను. అందులో ఏముందో కనుక్కుని రాయాలి. మూడు గంటలు. ఎవరూ సాయం చేయకూడదు" అన్నారు. ఆయన కఠినుడని పేరు. నవ్వగా చూసినవాళ్ళు లేరు.

శనివారం మధ్యాహ్నం పెట్టారు. ల్యాబు కిటికీల నిండా కుర్రాళ్ళ ముఖాలు. మేడం మూల స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాయన లోపలికి రానంటూ గుమ్మం బయటే నిలబడ్డాడు. వెంకట్రామయ్య గారు అరలోంచి ఏడో నంబరు సీసా తీసి, చెంచాడు తెల్లటి పలుకులు కాగితంలో పొట్లం కట్టి నా ముందు పెట్టారు. ఏ సీసాలో ఏముందో రాసిన చీటీ ఆయన జేబులో ఉంది.

మొదటి పరీక్షనాళిక నా చేతిలోంచి జారి పగిలింది. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుకి నాకు భయం పోయి కోపం వచ్చింది. పొడి నాళికలో పలుకులు వేసి వేడి చేస్తే చిటపటమని పేలాయి, గోధుమరంగు పొగ వచ్చింది. నైట్రేట్ అని రాసుకుని, ఇంకో పరీక్షతో నిర్ధారించుకున్నాను. సాల్ట్‌ను నీళ్ళలో కరిగించి పల్చని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వేస్తే తెల్లగా విరిగింది. ఆ తెల్లటి ముద్దను వేడినీళ్ళలో వేస్తే కరిగిపోయింది. అలా తెల్లగా విరిగి వేడినీళ్ళలో కరిగేది సీసమేనని మేడం చెప్పారు. రెండు గంటలు కూడా కాకముందే కాగితం మీద "లెడ్ నైట్రేట్" అని రాసి ఇచ్చాను.

వెంకట్రామయ్య గారు జేబులోంచి చీటీ తీశారు. చదివారు. "ఏడో నంబరు, బేరియం నైట్రేట్. సగం తప్పు" అన్నారు. ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచారు. మేడం ముఖం పాలిపోయింది. గుమ్మంలో నాయన తల వంచుకున్నాడు. ఆ వంచిన తలను చూశాక నా నోటి నుంచి వచ్చిన మాట నేను ఆలోచించి అన్నది కాదు.

"తప్పు నాది కాదు సార్. సీసాదే తప్పు."

"ఏందీ?" అన్నారు ప్రిన్సిపాల్.

"సీసాలో పోసింది తప్పండీ. లోపలున్నది సీసమే. మా ఇంట్లో రోజూ చూసే సీసం. మళ్ళీ చేస్తాను, మీరే చూడండి."

"పొగరు చూడండి దీనికి" అన్నారు ఆయన. కానీ వెంకట్రామయ్య గారు చెయ్యెత్తి ఆపారు. "చెయ్యి" అన్నారు నాతో. కొంచెం సాల్ట్ నీళ్ళలో పొటాషియం అయోడైడ్ వేశాను. పసుపు ముద్దలా గడ్డకట్టింది. దాన్ని మరిగించాను, కరిగి నీళ్ళలా తేటపడింది. నాళికను చన్నీళ్ళలో పెట్టాను. చల్లబడుతుంటే లోపల ఒక్కొక్క రేకూ పుట్టుకొచ్చింది. బంగారపు రేకులు, వందలకొద్దీ, గిరగిరా తిరుగుతూ కిందికి దిగాయి. బేరియం అలా చేయదు. వెంకట్రామయ్య గారు నాళికను నా చేతిలోంచి తీసుకుని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, రేకులన్నీ అడుగుకు చేరేదాకా చూశారు.

"లెడ్డే" అన్నారు.

తర్వాత అర దగ్గరికి వెళ్ళి ఏడో నంబరు సీసా తీసి, దాని మీది కాగితాన్ని గోటితో గీకేశారు. ఎప్పుడో సీసాలు నింపేటప్పుడు ఎవరో మార్చి పోశారన్నమాట. "ప్రిన్సిపాల్ గారూ, రెండేళ్ళుగా ఈ సీసాతో నేను పరీక్ష పెడుతున్నాను. రెండేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు లెడ్ అని రాయలేదు. అందరూ బేరియమనే రాశారు, అందరికీ మార్కులు వేశాను" అన్నారు. కిటికీల దగ్గర కొన్ని ముఖాలు పక్కకు తప్పుకున్నాయి. ఏడో నంబరంటే బేరియమని పెద్ద క్లాసు వాళ్ళు చిన్న క్లాసు వాళ్ళకు చెప్పేవాళ్ళు. పలుకులు చిటపటమన్నా, పసుపు పచ్చగా విరిగినా, కళ్ళెదుట కనిపించింది వదిలేసి చెవిన పడింది రాసేవాళ్ళు. నేను బయటిదాన్ని. నాకెవరూ చెప్పలేదు కాబట్టి నేను చూసింది రాశాను.

సోమవారం వెళ్ళేసరికి ముందు వరసలో ఒక స్టూలు ఖాళీగా ఉంది. ప్రసాద్ తన స్టూలు వదిలి వెనక బల్ల మీద, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి ఆ ముందు స్టూలు మీద కూర్చున్నాను. ఏడాది చివర అందరితోపాటు నేనూ పరీక్ష పేపరు రాశాను. వెంకట్రామయ్య గారు ఎర్రసిరాతో దిద్ది మార్కులు వేశారు. ఆ మార్కుల కాగితం మీద కాలేజీ ముద్ర వేయడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. ఆ వేసవిలోనే చంద్రమతి మేడంను ఇక రావద్దన్నారు. కారణం చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు, అందరికీ తెలుసు. ఆమె ట్రంకుపెట్టెతో గుంటూరు బస్సు కోసం నిలబడితే నాయనా నేనూ వెళ్ళాం. "నా వల్లే మేడం" అని ఏడ్చాను. "నీ వల్ల ఎందుకవుతుంది? రానిచ్చింది నేను. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల వస్తే మళ్ళీ రానిస్తాను" అన్నారు ఆమె, కొంచెం కసురుతున్నట్టుగానే. బస్సు కదిలాక నాయన, "ఆమెకి మనం ఏమిచ్చాం సైదా?" అన్నాడు. నేను బడిపంతులమ్మనై, ల్యాబు బీరువాలు తెరిచినందుకు హెడ్మాస్టర్లతో చివాట్లు తిన్న ప్రతిసారీ ఆ బాకీలో కొంత తీరిందని సర్దిచెప్పుకున్నాను.

అప్పుడు మాలాంటివాళ్ళను లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు పిల్లల్ని బయటికి రానివ్వడం లేదు. నేను దొంగచాటుగా, కోపంగా, ఆకలిగా చదివినదాన్నే ఇవాళ పదమూడేళ్ళ పిల్లల నోట్లో కుక్కుతున్నారు. పెద్ద చదువు చిన్న వయసులో చదవకూడదని నేను అనను, నేనే చదివినదాన్ని. కానీ నన్ను ఆ గదిలోకి ఈడ్చుకెళ్ళింది నా ప్రశ్న. వాళ్ళను ఈడ్చుకెళ్తున్నది ఎవరి ప్రశ్నో నాకు తెలియడం లేదు. నలభై మంది ఒక్క గొంతుతో చెప్పిన జవాబు వింటే నాకు ఏడో నంబరు సీసాయే కనిపిస్తుంది. ఇలా అంటే ముసలితనం, చాదస్తం అంటారు. అననివ్వండి.

డిగ్రీ అయ్యాక టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. నడిమి ఆయన నా కాగితాలు తిరగేసి, తెలుగు మీడియం పిల్లవు, కెమిస్ట్రీ మీద ఇంత పట్టు ఎలా వచ్చిందని అడిగాడు. పదో తరగతిలోనే బి.ఎస్సీ క్లాసులో కూర్చుని చదివానని చెప్పాను. ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. ఆయన నవ్వి, "అలాగా! మరి దానికి సర్టిఫికెట్ ఏదమ్మా?" అన్నాడు.

"లేదండీ" అన్నాను. "సాల్ట్ ఇవ్వండి, చెప్తాను."